బి12 ఇంజెక్షన్ల తర్వాత నా రక్తంలో అంకెలు మారిన వరుస

రక్తపరీక్ష కాగితం చేతికి రాగానే మన ఇళ్లలో అందరి చూపూ హిమోగ్లోబిన్ మీదే పడుతుంది. అది పన్నెండుకు అటూ ఇటూ ఉంటే కాగితం మడిచి బీరువాలో పెట్టేస్తాం. బి12 విటమిన్ లోపం ముదిరి నా రక్తకణాలు మూడు రకాలూ పడిపోయాక పాత కాగితాలన్నీ బయటికి తీసి మంచం మీద వరుసగా పరిచాను. హిమోగ్లోబిన్ నిక్షేపంగా ఉన్న రోజుల్లోనే ఇంకో అంకె ఏటికేడు పెరుగుతూ వచ్చిందని అప్పుడు కనిపించింది. దాని పేరు ఎంసీవీ. ఎర్ర రక్తకణం సగటున ఎంత పెద్దదిగా ఉందో చెప్పే కొలత అది.

మా బ్యాంకులో ఏటా ఒకసారి ఉద్యోగులకు ఆరోగ్య పరీక్షలు చేయిస్తారు. నాలుగేళ్ల కిందట నా ఎంసీవీ 91. మరుసటి ఏడు 94, ఆపైన 98, నిరుడు 103. ఇది 80 నుంచి 100 ఫెమ్టోలీటర్ల మధ్య ఉండాలి. హిమోగ్లోబిన్ మాత్రం ఆ నాలుగేళ్లలో 12.6 నుంచి 11.9కి వచ్చింది, అంతే. నిరుటి కాగితంలో 103 పక్కన, ఉండవలసినదానికన్నా ఎక్కువ ఉందన్న గుర్తు కూడా అచ్చయి ఉంది. ఆ కాగితం చూసిన డాక్టరు షుగర్ గురించీ కొలెస్ట్రాల్ గురించీ మాట్లాడారు, ఆ గుర్తు గురించి ఒక్క మాట కూడా అనలేదు. నీరసంగా ఉంటోందని చెబితే బలానికి మాత్రలు రాశారు. వాటిలో బి12 నామమాత్రం, ఫోలిక్ ఆమ్లం దండిగా ఉంది. ఆ తేడా ఎంత ముఖ్యమో ముందు ముందు చెబుతాను.

నాకు నలభై తొమ్మిదేళ్లు. ఉండేది భీమవరంలో. ఎటు చూసినా చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఉన్న ఊరు ఇది. మేము మాత్రం తరతరాలుగా శాకాహారులం. బి12 మొక్కల ఆహారంలో దొరకదు. మాంసం, చేపలు, గుడ్లు, పాలు, పెరుగు, వీటిలోనే ఉంటుంది. నాకు అన్నంలోకి ఇంత మజ్జిగ, రెండు పూటలా కాఫీలోకి కాసిని పాలు, అంతకు మించి అలవాటు లేదు. దానికి తోడు ఎనిమిదేళ్లకు పైగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. కడుపులో మంటకు పరగడుపున వేసుకునే మాత్ర ఒకటి ఎప్పుడో మొదలై అలాగే కొనసాగిపోయింది. ఆహారంలోని బి12ను విడదీయడానికి కడుపులో ఆమ్లం కావాలి, ఆ మాత్ర ఆమ్లాన్ని తగ్గిస్తుంది. విడివడిన బి12 చిన్నపేగు చివరి భాగంలో రక్తంలోకి చేరాలి, మెట్‌ఫార్మిన్ అక్కడ అడ్డుపడుతుంది. కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి ఈ కొరత వెంటనే బయటపడదు. ఆ నిల్వ తరిగిపోతున్న కాలమంతా నా ఎంసీవీ 91 నుంచి 103 దాకా ఎక్కుతూ వచ్చింది.

ఈ ఏడు వేసవికి మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. నాలుక నున్నగా, ఎర్రగా అయి పచ్చడి ముద్ద పెట్టుకుంటే భగ్గున మండేది. అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. ఒకరోజు గుడి బయట చెప్పులు వేసుకుని కొంతదూరం నడిచాక, ఎడమ కాలి చెప్పు ఎప్పుడో జారిపోయిందని మా అమ్మాయి చెబితే గానీ నాకు తెలియలేదు. స్నానాల గదిలో కళ్లు మూసుకుని ముఖానికి సబ్బు రాసుకుంటుంటే తూలిపోయి గోడ పట్టుకునేదాన్ని. ముఖం పాలిపోయి, దానిలోనే ఒక లేత పసుపు ఛాయ వచ్చింది. చూసినవాళ్లంతా కామెర్లు అన్నారు. మా అత్తగారు పసరు మందు ఇచ్చే ఊరి పేరు కూడా చెప్పారు.

రక్తకణాల లెక్కలన్నీ చెప్పే సీబీపీ పరీక్ష చేయించాం. హిమోగ్లోబిన్ 7.8. ఎర్ర కణాలు ఇరవై లక్షలకు కాస్త తక్కువ, ఆడవాళ్లలో కనీసం ముప్పై ఎనిమిది లక్షలు ఉండాలి. తెల్ల కణాలు 3,200. ప్లేట్‌లెట్లు 96,000. ఎంసీవీ 118. మేము మొదట వెళ్లిన ఆసుపత్రిలో కాగితం చూడగానే రెండు బాటిళ్ల రక్తం ఎక్కించాలన్నారు, మూడు రకాల కణాలూ తగ్గాయి కాబట్టి ఎముక మజ్జ పరీక్ష కూడా చేయాలన్నారు. ఆ గదిలో క్యాన్సర్ అన్న మాట ఎవరూ పలకలేదు, కానీ మా వారి ముఖంలో అదే కనిపించింది. సంతకం పెట్టే ముందు ఇంకొకరిని అడుగుదామని మా అమ్మాయి పట్టుబట్టింది. అలా ఒక పెద్ద వయసు ఫిజీషియన్ దగ్గరికి వెళ్లాం.

ఆయన కాగితంలో హిమోగ్లోబిన్ దగ్గర ఆగలేదు. ఎంసీవీ మీద వేలు పెట్టి, "ఇంత పెద్ద కణాలు ఎందుకు తయారవుతున్నాయో తెలిసేదాకా రక్తం ఎక్కించవద్దమ్మా. గుండె తట్టుకుంటోంది, ఛాతీ నొప్పి లేదు. ఇంకొకరి రక్తం కలిస్తే రేపు చేసే పరీక్షల్లో మీ కణాలేవో వాళ్ల కణాలేవో తేల్చడం కష్టం" అన్నారు. ఎంసీవీ పెరగడానికి బి12, ఫోలేట్ (మాత్రల్లో ఫోలిక్ ఆమ్లంగా ఇచ్చే విటమిన్ ఇదే) లోపాలే కాక మద్యం, కాలేయ జబ్బులు, థైరాయిడ్ మందగించడం, కొన్ని రకాల మందులు, మజ్జకు వచ్చే జబ్బులు కూడా కారణం కావచ్చట. అయితే 115 దాటిందంటే ముందుగా అనుమానించవలసింది ఈ రెండు విటమిన్లనే అన్నారు. ఇంజెక్షన్ వేయకముందే బి12, ఫోలేట్, ఫెరిటిన్, ఎల్‌డీహెచ్, బిలిరుబిన్, థైరాయిడ్, రెటిక్యులోసైట్లు, అన్నిటికీ ఒకేసారి రక్తం తీయించారు. ఒక్క ఇంజెక్షన్ పడినా రక్తంలో బి12 ఆకాశానికి లేస్తుంది, ఇక లోపం ఉండేదా లేదా అని ఆ పరీక్ష చెప్పలేదు. ఈ రక్తం తీసిన తర్వాతే మందు. ఈ వరుస ఎంత చిన్నదిగా కనిపించినా, దీన్ని పాటించని చోట్లు ఎన్నో ఉన్నాయని తర్వాత నలుగురినీ అడిగితే తెలిసింది.

ల్యాబ్‌లోని పాథాలజిస్టు మేడమ్ నన్ను పిలిచి సూక్ష్మదర్శినిలో నా రక్తాన్నే చూపించారు. గాజు పలక మీద పలుచగా పూసి, రంగు వేసిన చుక్క అది. మామూలు ఎర్ర కణం దాదాపు లింఫోసైటు అనే చిన్న తెల్ల కణం కేంద్రకం అంత ఉంటుందట, కొలబద్ద అదే. నా పలక మీద లింఫోసైటు పక్కన ఉన్న ఎర్ర కణాలు దాని కేంద్రకం కన్నా స్పష్టంగా పెద్దవి, గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారంలో ఉన్నాయి. తర్వాత ఒక తెల్ల కణం చూపించారు. న్యూట్రోఫిల్ అనే ఆ కణం కేంద్రకం మామూలుగా మూడు నాలుగు తమ్మెలుగా ఉంటుంది. నేను చూసినదానిలో ఊదా రంగు ముద్దలు సన్నటి దారంతో కలిపినట్టు ఆరు కనిపించాయి. ఆరు తమ్మెల కణం ఒక్కటి కనిపించినా చాలు, ఈ లోపాన్ని అనుమానించాలన్నారు. యంత్రం లక్షల కణాలను లెక్కపెట్టి సగటు చెబుతుంది, ఈ ఆకారాలను చూడాలంటే మనిషి కన్నే కావాలి.

కణం చీలి రెండు కావాలంటే దాని కేంద్రకంలోని డీఎన్ఏ ముందు రెట్టింపు కావాలి. బి12, ఫోలేట్ లేకపోతే ఆ పని కుంటుతుంది. కేంద్రకం వెనకబడిపోతుంది, దాని చుట్టూ ఉన్న పదార్థం మాత్రం పెరుగుతూనే ఉంటుంది. చీలవలసిన సమయానికి చీలలేక కణం ఉబ్బిపోతుంది. ఇలాంటి కణాలు చాలావరకు మజ్జలోనే చచ్చిపోతాయి, రక్తంలోకి వచ్చేవి కొన్నే. అందుకే నా మజ్జ కణాలతో కిక్కిరిసి ఉన్నా రక్తంలో కణాల కొరత. తెల్ల కణాలదీ, ప్లేట్‌లెట్లదీ అదే కథ, అవీ అక్కడే తయారవుతాయి కాబట్టి. చచ్చిన కణాల నుంచి వెలువడిన ఎల్‌డీహెచ్ రక్తంలో 1,900 ఉంది, 250 దాటకూడనిది. విరిగిన హిమోగ్లోబిన్ నుంచి పుట్టిన బిలిరుబిన్ 1.9. నా ముఖంలోని పసుపు అదే. కాలేయం తప్పు ఏమీ లేదు, పసరు అవసరమూ లేదు.

బి12 ఫలితం 96 పికోగ్రాములు. 200 కన్నా తగ్గితే లోపం అంటారు. ఫోలేట్ సరిగానే ఉంది. ఫెరిటిన్ 85, అంటే ఇనుము నిల్వ బాగానే ఉన్నట్టు. ఈ 85ను గుర్తుపెట్టుకోండి. రెటిక్యులోసైట్లు, అంటే మజ్జ కొత్తగా వదిలే పసి ఎర్ర కణాలు, ఒక శాతం. అంత రక్తహీనతలో మజ్జ నుంచి కొత్త కణాలు ముమ్మరంగా రావాలి, ఒక శాతమంటే దాదాపు రానట్టే. మజ్జ పరీక్ష ఇప్పుడు వద్దు, వైద్యానికి రక్తం ఎలా స్పందిస్తుందో చూద్దాం, స్పందన సరిగా ఉంటే రోగ నిర్ధారణ కూడా దానితోనే అవుతుందన్నారు డాక్టరుగారు.

అప్పుడే బలం మాత్రల సంగతి అడిగాను. ఫోలిక్ ఆమ్లం ఎక్కువగా ఇస్తే బి12 లోపం ఉన్నవాళ్లలో కూడా రక్తకణాల లెక్కలు కొంతకాలం మెరుగుపడతాయి. నరాలకు మాత్రం దానివల్ల ఉపయోగం లేదు. కాగితం మీద రక్తం బాగున్నట్టు కనిపిస్తుంటే లోపల వెన్నుపాము, నరాలు దెబ్బతింటూ పోతాయి. నేను ఆ మాత్రలు రెండు మూడు నెలలు వేసుకున్నాను. నా హిమోగ్లోబిన్ కొన్నాళ్లు నిలబడటానికి అవి కారణమై ఉండవచ్చు, తిమ్మిర్లు మొదలైంది కూడా ఆ రోజుల్లోనే.

ఫోలిక్ ఆమ్లం మాట వస్తే మా ఊరి మనిషిని తలచుకోకుండా ఉండలేను. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో పుట్టింది భీమవరంలోనే. ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టక, ఫోలేట్ అందక, రక్తం క్షీణించే జబ్బు అది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అంతకు ముందు, 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఆంగ్లేయ డాక్టరు బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో ఇలాంటి పెద్ద కణాల రక్తహీనతనే చూసి, ఈస్టుతో చేసే మార్మైట్ తినిపించి నయం చేశారు. ఆ ఈస్టులోని గుణం ఫోలేట్‌దే అని తర్వాత తేలింది. బి12ను విడదీసింది 1948లో, అమెరికాలోనూ ఇంగ్లండులోనూ దాదాపు ఒకేసారి. సుబ్బారావు గారు కన్నుమూసింది కూడా ఆ ఏడే. మా పట్టణంలో పుట్టిన ఆయన పేరు ఇక్కడి పిల్లల్లో ఎంతమందికి తెలుసో అనుకుంటే బాధ కలుగుతుంది.

వైద్యం మొదలైంది. వెయ్యి మైక్రోగ్రాముల ఇంజెక్షన్, మొదట రోజు విడిచి రోజు, తర్వాత వారానికొకటి, ఆపైన నెలకొకటి. ఎవరికి ఎంత అన్నది వాళ్ల డాక్టరు చెప్పవలసిన మాట, నాది చూసి ఎవరూ వేయించుకోవద్దు. రెండో ఇంజెక్షన్ నాటికే ఒంట్లో ఏదో తేలిక. ఆకలి వేసింది. నాలుక మంట తగ్గింది. అప్పటికి హిమోగ్లోబిన్ ఒక్క పాయింటు కూడా పెరిగి ఉండదు, అయినా మనిషికి తెలుస్తుంది. ఇది నా ఊహ కాదు, ఈ జబ్బులో అందరూ చెప్పే మాటేనని డాక్టరుగారు అన్నారు.

ఆ తొలి వారంలోనే పొటాషియం పరీక్ష చేయించారు. విటమిన్ అందగానే మజ్జ ఒక్కసారిగా కొత్త కణాలను తయారుచేయడం మొదలుపెడుతుంది, ప్రతి కొత్త కణమూ రక్తంలోని పొటాషియాన్ని లోపలికి లాక్కుంటుంది. రక్తహీనత తీవ్రంగా ఉన్నవాళ్లలో ఇది పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. నాది 3.2కు దిగింది, 3.5 ఉండాలి. కొద్ది రోజులు సిరప్ తాగాను. ఇంజెక్షన్లు ఎవరైనా వేస్తారు, ఈ పరీక్ష గుర్తుంచుకునే డాక్టరు దొరకడం నా అదృష్టం.

ఇక అంకెల సంగతి. అన్నిటికన్నా ముందు కదిలేది రెటిక్యులోసైట్లు. మజ్జ నుంచి అప్పుడే బయటికి వచ్చిన పసి ఎర్ర కణాలివి, ఒకటి రెండు రోజుల్లో పూర్తిగా ఎదిగిన కణాలవుతాయి. మందు మొదలైన మూడు నాలుగు రోజులకు పెరగడం మొదలై, వారం నాటికి శిఖరానికి చేరతాయి. నాది ఒక శాతం నుంచి 14 శాతానికి వెళ్లింది. 1926లో జార్జ్ మినాట్, విలియం మర్ఫీ అనే అమెరికన్ డాక్టర్లు ఇలాంటి రోగులకు రోజూ కాలేయం తినిపించి బతికించినప్పుడు, వైద్యం పనిచేస్తోందనడానికి చూపించిన గుర్తుల్లో ఇదే ముఖ్యమైనది. విటమిన్ పేరు తెలియడానికి ఇరవై రెండేళ్ల ముందు సంగతి. ఇప్పుడు గంటలో వచ్చే ఈ చవకైన పరీక్షను చాలామంది అసలు రాయరు. నన్ను అడిగితే, వారం తర్వాత సీబీపీతో పాటు దీన్ని తప్పక అడిగి చేయించుకోవాలి. ఇది పెరగలేదంటే రోగ నిర్ధారణ తప్పో, ఇంకేదైనా కొరత ఉందో తేల్చుకోవాలి.

వారం తర్వాతి సీబీపీ చూసి ఇంట్లో అందరూ బెంబేలెత్తారు. హిమోగ్లోబిన్ 8.5కు వచ్చింది, అది సంతోషమే. కానీ ఎంసీవీ 118 నుంచి 120కి పెరిగింది! కణాల పరిమాణంలో తేడాలను చెప్పే ఆర్‌డీడబ్ల్యూ 19 నుంచి 24కు ఎగబాకింది. ఇది 14.5 లోపు ఉండాలి. మందు వికటించిందేమోనని మా వారు ఆ రాత్రే డాక్టరుగారికి ఫోను చేశారు. ఆయన తాపీగా చెప్పారు. పసి కణాలు ఎదిగిన కణాలకన్నా పరిమాణంలో ఎక్కువ. అవి 14 శాతం ఉన్నప్పుడు సగటు పైకి లేస్తుంది. పాత ఉబ్బిన కణాలు ఇంకా రక్తంలోనే ఉన్నాయి, కొత్తవి వాటిలో కలుస్తున్నాయి. చిన్నవి, పెద్దవి కలగలిసి ఉంటే తేడాల కొలత పెరగక తప్పదు. అంటే ఆ వారంలో ఎంసీవీ, ఆర్‌డీడబ్ల్యూ పెరగడం మంచి శకునమే. పక్కన ఉన్న రెటిక్ సంఖ్యను చూడకుండా ఆ రెండింటినే చూస్తే భయం తప్పదు.

ప్లేట్‌లెట్లు, తెల్ల కణాలు తొందరగా కోలుకున్నాయి. వారానికే ప్లేట్‌లెట్లు రెండు లక్షలు దాటాయి, తెల్ల కణాలు 5,400. వాటి ఆయుష్షు చిన్నది, ప్లేట్‌లెట్ వారం పది రోజులు బతుకుతుంది, కాబట్టి పాతవి పోయి కొత్తవి రావడానికి ఎక్కువ కాలం పట్టదు. ఎల్‌డీహెచ్ కూడా వారం లోపే సగానికి పైగా దిగింది. ముఖంలో పసుపు పోయిందని మా అత్తగారే ముందు గమనించారు. ఆరు తమ్మెల న్యూట్రోఫిల్స్ మాత్రం పలక మీద ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. అవి రెండు వారాల దాకా ఉంటాయని, రోగి కోలుకుంటున్నా పలక ఇంకా పాత జబ్బునే చూపిస్తుందని పాథాలజిస్టు మేడమ్ చెప్పారు.

ఎర్ర కణాల దారి వేరు. ఒక్కో కణం సుమారు 120 రోజులు బతుకుతుంది. ఉబ్బిన కణాలకు అంత ఆయుష్షు లేకపోయినా, అవన్నీ వెళ్లిపోయేదాకా ఎంసీవీ పూర్తిగా దిగదు. నెల నాటికి నా హిమోగ్లోబిన్ 10.6, ఎంసీవీ 97. వారానికి దాదాపు 0.7 గ్రాముల చొప్పున పెరుగుదల మొదట్లో బాగా కనిపించింది. ఆర్‌డీడబ్ల్యూ ఇంకా 22. ఎంసీవీ వందలోపుకు వచ్చినందుకు నేను మురిసిపోతుంటే, మేడమ్ ల్యాబ్ యంత్రం గీసిన పటం తెరిచి చూపించారు. అందులో ఒక గుట్ట ఉండవలసిన చోట రెండు గుట్టలు. ఒకటి కొత్త మామూలు కణాలది, రెండోది పాత ఉబ్బిన కణాలది. 97 అన్నది ఆ రెండింటి మధ్య సగటు మాత్రమే. సగటు మామూలుగా ఉందంటే కణాలన్నీ మామూలుగా ఉన్నట్టు కాదు.

షుగర్ ఉన్నవాళ్లు ఈ భాగం జాగ్రత్తగా చదవాలి. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా ఎర్ర కణాల మీదే ఆధారపడి ఉంటుంది. కణం రక్తంలో ఎన్ని రోజులు తిరిగితే హిమోగ్లోబిన్‌కు అంత చక్కెర అంటుకుంటుంది. బి12 లోపంలో కొత్త కణాలు రాక వయసు మీరిన కణాలే ఎక్కువగా ఉంటే ఈ అంకె ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించవచ్చు. నాకు వైద్యానికి ముందు అది 7.6 వచ్చింది, ఇంట్లో వేలిమీద చూసుకునే షుగర్‌తో అస్సలు పొంతన లేదు. ఆ అంకె చూసే నా మెట్‌ఫార్మిన్ మోతాదు పెంచారు, అంటే లోపాన్ని పెంచే మందునే ఇంకాస్త ఇచ్చారు. వైద్యం మొదలైన ఆరో వారంలో చేయిస్తే 5.9! తిండి మారలేదు, షుగర్ మందు మారలేదు, వేలిమీద పరీక్షల్లోనూ పెద్ద తేడా లేదు. రక్తం నిండా కొత్త కణాలుండటమే కారణం. కణాల లెక్కలు కుదుటపడేదాకా హెచ్‌బీఏ1సీని పక్కనబెట్టి, పరగడుపు, భోజనం తర్వాతి షుగర్‌ను మాత్రమే చూడమన్నారు డాక్టరుగారు.

రెండు నెలలకు హిమోగ్లోబిన్ పన్నెండు దాటుతుందని ఎదురుచూశాం. 10.8 దగ్గర ఆగిపోయింది. ఈసారి ఎంసీవీ 82, ఒక్కో కణంలోని హిమోగ్లోబిన్‌ను చెప్పే ఎంసీహెచ్ 26 లోపు. మొన్నటిదాకా ఉబ్బిన కణాలు ఇప్పుడు చిన్నబోతున్నాయి. అప్పుడు ఫెరిటిన్ చూస్తే 9. మొదట 85 ఉన్నది ఇంతలో ఎక్కడికి పోయింది? మజ్జ పని ఆగిపోయినప్పుడు ఇనుము వాడకం లేక నిల్వ ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. వైద్యం మొదలయ్యాక రోజూ కోట్ల కొద్దీ కొత్త కణాలకు హిమోగ్లోబిన్ కావాలి, ఉన్న ఇనుమంతా వాటిలోకి వెళ్లిపోయింది. నెలసరి ఆగబోయే వయసులో రెండేళ్లుగా నాకు రక్తస్రావం ఎక్కువగానే ఉండేది, అసలు నిల్వ ఎప్పుడో తరిగిపోయి ఉంటుంది. బి12 లోపం ఇనుము లోపాన్ని కప్పిపెట్టింది. కడుపులో, పేగుల్లో ఎక్కడా రక్తం పోవడం లేదని నిర్ధారించుకున్నాక ఇనుము మాత్రలు మొదలుపెట్టారు. నాలుగో నెల దాటాక వచ్చిన కాగితంలో హిమోగ్లోబిన్ 12.7, ఎంసీవీ 88, ఆర్‌డీడబ్ల్యూ 14. అన్నీ ఒకేసారి హద్దుల్లోకి వచ్చిన మొదటి కాగితం అదే.

కారణం తేల్చడానికి బి12 ఒంటికి పట్టడానికి కడుపులో ఊరే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే పదార్థానికి వ్యతిరేకంగా యాంటీబాడీలున్నాయేమో కూడా పరీక్షించారు, లేవు. ఆ యాంటీబాడీల వల్ల జబ్బు వచ్చినవాళ్లకు జీవితాంతం వైద్యం తప్పదు. నాకు మంట మాత్ర ఆపించారు, మెట్‌ఫార్మిన్ తగ్గించారు. ఇక ముందు రోజూ నోటి ద్వారా వెయ్యి మైక్రోగ్రాముల బి12 మాత్ర. మనకు రోజుకు కావలసింది రెండు, రెండున్నర మైక్రోగ్రాములే అయితే వెయ్యి ఎందుకని అడిగాను. మామూలు దారి మూసుకుపోయినా, మింగినదానిలో సుమారు ఒక శాతం పేగు గోడల గుండా దానంతట అది లోపలికి వెళుతుంది. వెయ్యిలో ఒక శాతం పది, అది చాలు. ఏడాదికి ఒకసారైనా సీబీపీ, బి12 చూపించుకోమన్నారు. ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో ఇస్తున్నాను, రక్తం తీసిన పూటే పరీక్ష జరిగేలా చూసుకుంటున్నాను. ఊదా మూత గొట్టంలో రక్తం చాలాసేపు నిల్వ ఉంటే కణాలు ఉబ్బి ఎంసీవీ లేనిపోని పెరుగుదల చూపిస్తుంది.

నరాలు మాత్రం రక్తంలా తొందరగా తేరుకోలేదు. కళ్లు మూసుకుని నిలబడగలుగుతున్నాను, చెప్పు కాలికి ఉందో లేదో తెలుస్తోంది, కానీ ఎడమ కాలి వేళ్లలో మొద్దుబారినతనం ఇంకా ఉంది. ఆరు నెలలు, ఏడాది దాకా మెరుగుదల ఉండవచ్చు, ఎంత ఆలస్యంగా మొదలుపెడితే అంత మిగిలిపోతుందని డాక్టరుగారు దాపరికం లేకుండా చెప్పారు. ఎంసీవీ 98 ఉన్న ఏడాది ఎవరైనా బి12 చూపించి ఉంటే ఈ వేళ్లు ఇలా ఉండేవి కావన్న బాధ నాకు నిజంగా ఉంది.

నా సంగతి చూశాక మా చెల్లెలికి కూడా పరీక్షలు చేయించాం. తనదీ అదే వంటిల్లు, అదే మెట్‌ఫార్మిన్. ఎంసీవీ 86 వచ్చింది. ఏ గుర్తూ లేదు. కాకపోతే ఆర్‌డీడబ్ల్యూ 18, హిమోగ్లోబిన్ 10.4. బి12 చూస్తే 142, ఫెరిటిన్ 7. ఒక లోపం కణాలను పెంచుతుంటే, ఇంకొకటి కుదిస్తుంటే, సగటు మధ్యలో నిలిచి ఏమీ లేనట్టు కనిపించింది. తనకు ఇంజెక్షన్లూ ఇనుమూ కలిపే మొదలుపెట్టారు. రెటిక్ పరీక్షకు వచ్చే సోమవారం రక్తం ఇస్తుంది.